పలక ఎత్తిన బండి

బ్రాడీపేటలో పళ్ళ డాక్టరు దగ్గర వంతు కోసం కూర్చుని ఉన్నాను. నా పక్కన ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. మాటను బట్టి పర్చూరు వైపువాళ్ళు.

"పైన పళ్ళసెట్లు చేసే సాయిబు లేడూ, పోయాడంట."

"ఎవరూ, ఆ యుద్ధం బళ్ళ బొమ్మలు చేసేటాయనా?"

"ఆయనే. మన మిలటరీ కుర్రోణ్ణి అంత మాటన్నాడే."

"అవును మరి. చచ్చినోడి మీద అనాల్సిన మాటేనా అది? అందులోనూ సరిహద్దులో పనిచేసినోడి మీద. ఊరికే పోద్దా!"

లోపలి నుంచి నా పేరు పిలిచారు. వెళ్ళి కుర్చీలో వాలి నోరు తెరిచాను. డాక్టరు చెయ్యి నోట్లో ఉన్నంతసేపు మనిషి ఏమీ మాట్లాడనక్కర్లేదు. బయటికి వచ్చేసరికి ఆ ఇద్దరూ వెళ్ళిపోయారు. నాకు హాయిగా అనిపించింది. ఆ హాయి ఎలాంటిదో ఇంటికి వెళ్ళాక అర్థమైంది.

ఆ మాట ఆయన అనలేదు. నేనన్నాను.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ నింద అంత తేలిగ్గా అతుక్కుందంటే, సగం ఆ పేరు వల్లే. నేను పురోహితుల ఇంట్లో పుట్టి, కోచింగ్ సెంటర్లో ఫిజిక్సు చెప్పుకునేవాణ్ణి. అదే మాట నా మీదకు వచ్చి ఉంటే "మాస్టారు ఏదో తొందరపడి అనుంటాడు" అని వదిలేసేవాళ్ళు. ఆయన్ని ఎవరూ వదిలేయలేదు. నేనాయన్ని భాయ్ అనేవాణ్ణి. ఆయన నన్ను మాస్టారూ అనేవాడు.

భాయ్ ఎవరు ఎదురైనా ముందు పళ్ళు చూసేవాడు, తర్వాత మొహం. మొహాలు మరిచిపోయేవాడు గానీ పళ్ళు మరిచిపోయేవాడు కాదు. ఒక పెళ్ళిలో మా తోడల్లుడు గట్టిగా నవ్వుతుంటే నా చెవి దగ్గరికి వంగి, "ఈయన కింది దవడ నాదే" అన్నాడు. పెళ్ళి అయ్యేదాకా మా తోడల్లుడి వంక చూడలేకపోయాను.

క్లినిక్కు పైన మేడ మీద ఒకే గది ఆయన పనిచోటు. గోడ వెంట చెక్క మీద సున్నపు దవడలు వరసగా నోళ్ళు తెరుచుకుని ఉండేవి. వాటి పై చెక్క మీద ట్యాంకులు, సైనికుల్ని మోసే ఇనుప బళ్ళు, క్షిపణులు మోసే లారీలు. అన్నీ అసలు బండిలో ముప్పై అయిదో వంతు, జానెడు పొడవున ఉండేవి. పొద్దున పళ్ళు అరగదీసిన పనిముట్లతోనే మధ్యాహ్నం వీటిని అరగదీసేవాడు. చిన్న ముక్కల్ని పెదాల మధ్య పట్టుకుని పనిచేసేవాడు. ఆ సమయంలో ఎవరు ఏం అడిగినా కనుబొమలతోనే జవాబు.

బళ్ళ మీద దుమ్ము కోసం కంపెనీలు అమ్మే రంగుపొడులు ఆయనకు గిట్టేవి కావు. బావమరిది దాచేపల్లి నుంచి వచ్చేటప్పుడు, సిమెంటు ఫ్యాక్టరీ దారిలో ఆకుల మీద పేరుకున్న దుమ్ము పొట్లం కట్టి తేవాలి. బురద కావాలంటే నల్లరేగడి. "రాజస్థాన్ ఎడారిలో బండికి మన పత్తి చేలో బురదేంటి భాయ్?" అని నేను గొడవపడితే, "నడిపేది మనోడే కదా మాస్టారూ, బూట్లకి అంటించుకుపోయాడనుకో" అనేవాడు.

ఊళ్ళో ఈ పిచ్చి ఉన్న కుర్రాళ్ళు కొందరు ఉన్నారు. బండి ముక్కలుండే డబ్బా, అదే కిట్, కొనే ముందు భాయ్ గదికి వచ్చేవాళ్ళు. కిట్‌లో కంపెనీ ఇచ్చే ప్లాస్టిక్ ముక్కలు నచ్చకపోతే, వాటి బదులు పెట్టుకోవడానికి వేరే కంపెనీలు ఇత్తడి రేకులు, లోహపు గొట్టాలు, చైను పట్టాలు విడిగా అమ్ముతాయి. కుర్రాళ్ళకు బండి కంటే వాటి మీదే మోజు.

"భాయ్, దీనికి మెటల్ బ్యారెల్ పెడదామా, ప్లాస్టిక్‌ది చాలా?"

"ఎందుకురా మెటల్‌ది? కాలుస్తావా?"

"అది కాదు భాయ్, ఆ ఇత్తడి సెట్టు ఆల్రెడీ ఆర్డర్ పెట్టేశా. ఇప్పుడు ఏ కిట్ కొనాలో చెప్పు."

"పళ్ళసెట్టు చేయించుకుని నోరు వెతుక్కుంటావేంట్రా! ముందు చెప్పు, ఏ బండి? ఏ రోజు?"

ఈ రెండు ప్రశ్నలూ అందరినీ అడిగేవాడు. బండి అర్థమయ్యేది. రోజంటే ఎవరికీ అర్థమయ్యేది కాదు.

"నిన్న గడ్డం గీసుకున్నావు, ఇవాళ గీసుకోలేదు. నీ బొమ్మ చేయమంటే ఏ మొహం చేయమంటావు? బండి కూడా అంతే. ఒకరోజు పక్క రేకు ఊడిపోద్ది, ఇంకోరోజు కొత్త రంగు వేస్తారు. రోజు తేల్చుకో. కిట్ దానంతటదే తేలుద్ది."

ఆయన పనిలో తప్పులు ఉండేవి కావని కాదు. చాలా ఉండేవి. ఏ దేశపు బండికి చక్రాల బోల్టులు ఎన్నో ఆయనకు పట్టేది కాదు. నాకు పట్టేది. మా వాట్సాప్ గ్రూపులో ఎవరు మోడల్ ఫోటో పెట్టినా, అసలు బండి ఫోటో పక్కన పెట్టి, తప్పున్న చోట ఎర్రగీతతో సున్నా చుట్టేవాణ్ణి. ఆ పని నాకు ఎవరూ అప్పజెప్పలేదు. "ఫోటో ఉందా? లేకపోతే మాట్లాడకు" అనేది నా మాట. "మాస్టారు బోల్టులు లెక్కపెట్టందే అన్నం ముట్టరు" అని భాయ్ నవ్వేవాడు. అది నేను మెప్పుగానే తీసుకునేవాణ్ణి.

ఒకరోజు పర్చూరు దగ్గర పల్లె నుంచి ఒక రైతు పళ్ళసెట్టు సరిచూపించుకోవడానికి మెట్లెక్కి వచ్చాడు. పొగాకు, మిర్చి వేసే మనిషి. ఆ రోజు నేను లేను. తర్వాత భాయ్ చెప్పిందే రాస్తున్నాను. భాయ్ దవడ కొలత చూస్తుంటే ఆయన కళ్ళు మాత్రం పై చెక్క మీద ఉన్నాయట. సెట్టు తీసి చేత్తో పట్టుకుని, బోసినోటితోనే, "ఇట్టాంటిదే మావాడు నడిపేది" అన్నాడట.

ఆయన కొడుకు సైన్యంలో డ్రైవరు. నేల మీదా నీళ్ళ మీదా నడిచే ఇనుపబండి నడిపేవాడు. ఉత్తరాన ఎక్కడో ఒక కాలువ దాటే శిక్షణలో బండి మునిగిపోయింది. లోపలున్న ఎవరూ బతకలేదు. శవపేటికతో వచ్చిన అధికారులు "విధి నిర్వహణలో" అన్నారు. అంతకు మించి ఒక్క మాట చెప్పలేదు. ఊరంతా కదిలి వెళ్ళి సాగనంపింది. బడి పక్కన విగ్రహం పెట్టాలని దిమ్మె కట్టారు.

రైతు ఆ బండి బొమ్మ ఒకటి చేసివ్వమన్నాడట. "ఏ రోజుది చేయమంటారు?" అని భాయ్ ఆయన్నీ అడిగాడట. అడిగాక నాలుక కరుచుకున్నాడట. రైతు మాత్రం ఏమీ అనుకోకుండా ఫోన్ తీసి ఒక ఫోటో చూపించాడు. కొడుకు బండి ముందుభాగంలో, తెరిచిన మూతలోంచి రొమ్ము దాకా బయటికి వచ్చి, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నాడు. పోవడానికి చాలాముందు, మరో శిక్షణలో తీసింది. అతని ముందు బండి ముక్కుకు అడ్డంగా ఒక రేకు పలక ఎత్తి ఉంది.

"ఈ రోజుది చెయ్యండి. వాడి బొమ్మ మాత్రం వొద్దు. మొహం తేడా వస్తే వాళ్ళమ్మ తట్టుకోలేదు. బండి ఒక్కటే చెయ్యండి."

నేను మర్నాడు వెళ్ళినప్పుడు భాయ్ "కాలువలో మునిగి పోయిన పర్చూరు జవాను నడిపిన బండి, వాళ్ళ నాన్న అడిగాడు" అని మాత్రం చెప్పాడు. ఏ రోజుది అని నేను అడగలేదు. నాకు ఆ అవసరం కనిపించలేదు. వెంటనే కిట్ల గురించి మొదలుపెట్టాను.

"కొత్తగా వచ్చినదాంట్లో లోపలి భాగం మొత్తం ఇచ్చాడు భాయ్. ఇంజను, సీట్లు, స్టీరింగ్. అది తీసుకోండి. పట్టాలు లోహపువి వేద్దాం. చక్రాలు కూడా రెజిన్‌వి తెప్పిస్తే..."

"సీట్లున్నది వద్దు మాస్టారూ."

"ఎందుకు? మూత తెరిచి పెడితే లోపలంతా కనబడుద్ది."

"అందుకే వద్దంటున్నా. ఆయన టార్చి వేసుకుని వాడి సీటు వెతుక్కుంటాడు."

పాత కిట్ తెప్పించాడు. లోపల ఖాళీది. మూతలన్నీ అంటించేశాడు. పట్టాలకు కిట్‌లో వచ్చిన రబ్బరు పటకాలే వేశాడు. నేను ముక్కు చిట్లించినా పట్టించుకోలేదు. రష్యా రకం బండి కాబట్టి డబ్బాలో వచ్చిన ఆ దేశపు స్టిక్కర్లు పక్కన పారేసి, మన సైన్యపు బళ్ళ నంబరు ముందుండే పైకి చూసే బాణం గుర్తు సన్నటి కుంచెతో తనే దిద్దాడు. విడిగా కొన్న భాగం ఒక్కటే, ఆ ముందు పలక. కిట్‌లోది గడపచెక్కలా మందంగా ఉందని, ఆ ఒక్క ముక్క కోసం ఇత్తడి రేకుల సెట్టు తెప్పించి, పోస్టులో అది వచ్చేదాకా బండిని బట్ట కప్పి ఉంచాడు. మిగిలిన రేకులన్నీ కుర్రాళ్ళకు పంచేశాడు.

ఆ పలక సంగతి ఇక్కడ చెప్పాలి. ఈ బండి నీళ్ళలోకి దిగే ముందు దాన్ని ఎత్తాలి. ఎత్తకపోతే ఎదురునీరు ముక్కు మీదికి ఎక్కుతుంది. దిగేముందు డ్రైవరు చూసుకోవలసిన పనుల్లో అదొకటి. నేల మీద వెళ్ళేటప్పుడు మడిచి ఉంచుతారు.

బండి పూర్తయ్యాక భాయ్ గ్రూపులో ఫోటోలు పెట్టాడు. కింద ఏమీ రాయలేదు. కుర్రాళ్ళు చప్పట్ల బొమ్మలు పెట్టారు. నేను ఇంటర్నెట్‌లో వెతికి, ఆ ప్రమాదం తర్వాత బండిని క్రేనుతో కాలువలోంచి లాగుతున్న వార్తా ఫోటో పట్టుకున్నాను. మసకగా ఉంది. పలక మాత్రం మడిచి ఉంది. దాన్ని గ్రూపులో పెట్టి, భాయ్ మోడల్ ఫోటోలో పలక చుట్టూ ఎర్రసున్నా గీసి, కింద రాశాను: "ప్రమాదం రోజు పలక మడిచే ఉంది. డ్రైవరు ఎత్తలేదు. మోడల్లో ఎత్తి చూపడం తప్పు."

రాసి భోజనానికి లేచాను. అన్నం రుచిగానే ఉంది.

భాయ్ గ్రూపులో జవాబు ఇవ్వలేదు. ఆ ఎర్రసున్నా బొమ్మను, కింద నా మాటతో సహా, ఎవరో ఇంకెవరికో పంపారు. నా పేరు ఎక్కడో తెగిపోయింది. అది పర్చూరు చేరేసరికి మిగిలింది భాయ్ చేసిన బండి, దాని మీద సున్నా, ఆ మూడు వాక్యాలు.

రైతు వచ్చినప్పుడు నేను భాయ్ గదిలోనే ఉన్నాను. స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాను. ఆయన చెప్పులు విప్పకుండా లోపలికి వచ్చి ఫోన్ భాయ్ మొహం ముందు పెట్టాడు.

"మావాడు ఎత్తలేదని మీరే అన్నారా?"

భాయ్ ఫోన్ చూశాడు. తర్వాత నా వంక చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ముక్క అతికించి, అది పట్టుకుంటుందా లేదా అని ఆగి చూసేటప్పుడు ఆయన చూపు అలాగే ఉండేది. నేను టీ గ్లాసులోకి చూశాను.

"నా బల్ల మీద నుంచే వచ్చిందండీ" అన్నాడు భాయ్.

"నేను మిమ్మల్ని బొమ్మ చెయ్యమన్నాను. మా వాడి తప్పులు ఎంచమన్నానా?"

"తప్పయిపోయింది."

"ఎవరిది తప్పయింది? మావాడిదా, మీదా? ఏదో ఒకటి చెప్పండి!"

"నాది."

"మరి ఇందులో ఉంది అబద్ధమా?"

భాయ్ దానికి జవాబు చెప్పలేకపోయాడు. ఆయనకు తెలియదు. నాకూ తెలియదు. రైతు ఆ మౌనాన్ని జవాబుగా తీసుకున్నాడు. బల్ల మీదున్న బండిని ముట్టుకోలేదు. మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

"ఎందుకలా అన్నారు భాయ్?" అన్నాను.

"ఆయనకి తిట్టడానికి ఒక మనిషి కావాలి. ఎవరన్నది వెతుక్కోమంటారా, ఆ పరిస్థితిలో?" పనిముట్లు తుడుచుకుంటూ ఇంకో మాట అన్నాడు. "మీరు రాసిన రోజు ఆయన చెప్పిన రోజు కాదు మాస్టారూ. ఇది వాడు నవ్విన రోజుది." రైతు చూపించిన ఫోటో సంగతి అప్పుడు చెప్పాడు. "మీ ఫోటో చూశా. లాగేవాళ్ళు గొలుసు తగిలించడానికి పలక మడిచి ఉండొచ్చు. మునిగేటప్పుడు ఎట్లా ఉందో దేవుడికి తెలవాలి."

ఆ మాట విన్నవాణ్ణి అప్పుడే పర్చూరు బస్సు ఎక్కాలి. ఎక్కలేదు. గ్రూపులో నా వాక్యాలు చెరిపేశాను. చెరిపేస్తే పోతుందనుకున్నాను.

రైతు ఊరికి వెళ్ళి విగ్రహం ఆపించాడు. "మిగతా కుర్రాళ్ళు కూడా పోయారు. వాడి చేతుల్లోనే పోయారంటున్నారు. వాడికి విగ్రహమేంటి" అన్నాడని విన్నాను. ఊరివాళ్ళు కాదన్నా వినలేదట. ఊరికి కోపం వచ్చింది. అది బ్రాడీపేట మేడమెట్ల దాకా వచ్చింది. ఎవరో తలుపు మీద బొగ్గుతో రాసిన మాట నేను ఇక్కడ రాయలేను. భాయ్ దాన్ని తడిబట్టతో తుడుస్తుంటే చూశాను. అక్షరాలు పోయినా నల్లమచ్చ పోలేదు. క్లినిక్కుల నుంచి పని తగ్గింది. కుర్రాళ్ళు రావడం మానేశారు. నేను మాత్రం వెళ్ళేవాణ్ణి. ఆయన నాకు టీ తెప్పించేవాడు. ఒక్కసారి కూడా ఆ విషయం ఎత్తలేదు. ఎత్తుతాడేమోనని భయపడుతూ వెళ్ళేవాణ్ణి. ఎత్తనందుకు ఇంటికి తేలిగ్గా వచ్చేవాణ్ణి.

ఆయన కొత్త బండి మొదలుపెట్టలేదు. ఒకసారి నేను ఏదో కొత్త కిట్ గురించి చెబుతుంటే, పెదాల మధ్య ముక్క ఏదీ లేకపోయినా కనుబొమలతోనే వద్దన్నాడు.

నిద్రలోనే పోయాడట. పరామర్శకు వెళ్ళి, సందు చూసి, బొమ్మల గురించి ఆయన భార్యను అడిగాను.

"వీధిలో పిల్లలు అడిగితే ఇచ్చేశానన్నా. దుమ్ము తుడవలేక. మీకేమైనా కావాలా?"

వద్దన్నాను. వచ్చేటప్పుడు సందులో ఒక ట్యాంకు బోర్లా పడి ఉంది. గొట్టం విరిగిపోయింది.

పళ్ళ డాక్టరు దగ్గర ఆ ఇద్దరి మాటలు విన్న వారంలోనే పర్చూరు బస్సెక్కాను. ఆ పల్లెలో బడి పక్కన దిమ్మె అలాగే ఉంది. దాని మీద ఎవరో పట్టా పరిచి మిరపకాయలు ఎండబోసుకున్నారు. రైతు ఇల్లు అడిగితే కల్లం దగ్గరున్నాడన్నారు. ఎర్రటి కాయల మధ్య భార్యాభర్తలిద్దరూ కూర్చుని, రంగు పోయి తెల్లబడిన తాలు కాయలు ఏరుతున్నారు. ఘాటుకు నాకు దగ్గు వచ్చింది. ఆయన తలెత్తాడు.

"గుంటూరు నుంచి వచ్చానండి. పళ్ళసెట్ల భాయ్ స్నేహితుణ్ణి."

"పోయాడంటగా" అన్నాడు కాయలు ఏరుతూనే.

"ఆ మాట ఆయనది కాదండి. నేను రాశాను. ఆయనకు సంబంధం లేదు. నేనొక ఫోటో చూసి అనేశాను. మీరు ఏ రోజుది అడిగారో నాకు తెలియదు. పైగా ఆ ఫోటో బండిని బయటికి లాగేటప్పటిది. లాగేవాళ్ళే పలక మడిచి ఉండొచ్చు."

ఆయన చేతులు ఆగాయి. నన్ను పరకాయించి చూశాడు.

"మీరు అప్పుడు అక్కడే ఉన్నారు. స్టూలు మీద. టీ తాగతా."

"ఉన్నానండి."

"ఉండొచ్చు అంటున్నారే ఇప్పుడు. అందులో ఉండొచ్చని లేదే. ఎత్తలేదు అనే ఉంది. నేను వంద సార్లు చదివా."

ఆయన గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. కొంచెం దూరంలో కూర్చున్న భార్య మాత్రం లేచి వచ్చింది. చేతులు ఘాటుగా ఉన్నాయని మోచేత్తో మొహం తుడుచుకుంది.

"ఏంటయ్యా, ఏమంటున్నాడు ఈయన?"

"మనోడు ఎత్తి ఉండొచ్చంట."

"ఎత్తాడా?" అంది నన్ను చూసి.

"తెలియదమ్మా."

"ఎవరికి తెలుసుద్ది మరి?"

రైతు తల దించుకున్నాడు. "వాళ్ళ సుబేదారు నంబరు ఉంది. ఆ రోజు ఒడ్డునే ఉన్నాడంట. పెట్టె తెచ్చినప్పుడు ఇచ్చి పోయాడు, ఏం కావాలన్నా చెయ్యమని. నేను చెయ్యలా."

"ఎందుకు చెయ్యలా?" అంది ఆమె. ఆ నంబరు సంగతి ఆమెకు అప్పుడే తెలిసిందని ఆ గొంతులో తెలిసింది.

"చేస్తే చెబుతాడు కదే" అన్నాడాయన.

ఆమె ఆయన చొక్కా జేబులోంచి ఫోన్ తీసింది. ఆయనే నంబరు వెతికి చూపించాడు, నొక్కకుండా తిరిగి ఆమెకిచ్చాడు. ఆమె ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"మాకు హిందీ రాదు. ఎత్తలేదని రాసింది మీరేగా. మీరే అడగండి."

నొక్కాను. ఆమె నా మొహంలోకి చూస్తోంది. అవతల ఒక ఆడగొంతు హిందీలో, ఆ నంబరు ఇప్పుడు వాడుకలో లేదని చెప్పింది. ఆమెకు గొంతు వినబడింది, మాట అర్థం కాలేదు.

"ఏమంటున్నారు?"

ఎత్తాడంటున్నారమ్మా అంటే అయిపోయేది. ఆమెకు హిందీ రాదు. నోటి దాకా వచ్చింది.

"నంబరు లేదంటున్నారమ్మా."

"సరిగ్గా నొక్కావా? మళ్ళీ చెయ్యి."

మళ్ళీ చేశాను. అదే గొంతు, అదే మాట. ఆమె కదల్లేదు. రైతు తాలు కాయలు ఏరుకోవడం మొదలుపెట్టాడు.

"ఇంకోసారి చెయ్యి బాబూ" అంది.

చేశాను.